రెండో అంతస్తుకూ మూడో అంతస్తుకూ మధ్య

పైన రాసుకున్న పేరూ, తండ్రి పేరూ, చిరునామా నావే. నా వయసు ఇరవై నాలుగేళ్లు. పెద్దాసుపత్రిలో చర్మవ్యాధుల విభాగంలో ఫోటోలు తీసే ఉద్యోగం చేస్తున్నాను. చేరి మూడేళ్లయింది. మా అమ్మ ఒక లాడ్జిలో దుప్పట్లు ఉతుకుతుంది. మా నాన్న గోదాములో బస్తాలు మోస్తాడు. మా ఇంట్లో బడికి వెళ్లిన మొదటి మనిషిని నేనే. మేజిస్ట్రేటు మేడం గారు అడిగారు గనుక చెబుతున్నాను, నాకు ఇంకా పెళ్లి కాలేదు.

నిన్న, అంటే బుధవారం మధ్యాహ్నం, ఆసుపత్రి వెనకవైపు లిఫ్టులో జరిగిన దాని గురించి ఈ వాంగ్మూలం ఇస్తున్నాను. ఆ లిఫ్టును ఆపిన మనిషి మా విభాగంలో పేషంటు. ఆయన వృత్తిరీత్యా లిఫ్టు మెకానిక్కు. మా విభాగంలో అందరం ఆయన్ను లిఫ్టు బాబాయి అంటాం. ప్రస్తుతం ఆయన పోలీసుల దగ్గర ఉన్నారు. రేపు ఉదయం ఆయనకు ఆపరేషన్ ఉంది. ఈరోజు ఆయన్ను రిమాండుకు పంపితే ఆ ఆపరేషన్ జరగదు. మొత్తం వినేటప్పుడు ఇది మీ మనసులో ఉండాలని ముందే చెబుతున్నాను.

నా పని ఏమిటని మేడం గారు అడిగారు. చర్మం మీద మచ్చలకు, పుండ్లకు, ఆపరేషన్ గాట్లకు ఫోటోలు తీస్తాను. నీలం గుడ్డ పరిచి, పక్కన చిన్న కాగితపు స్కేలు అంటించి, ప్రతిసారీ అదే దూరంలో, అదే వెలుతురులో తీయాలి. అప్పుడే పోయినసారికీ ఈసారికీ తేడా తెలుస్తుంది. ఫోటో తీసేటప్పుడు నా ముఖంలో ఏమీ కనపడకూడదు. పనిలో చేరిన రోజే హెడ్ సిస్టరు నాకు చెప్పింది, "కెమెరా వెనక నీకు ముఖం లేదనుకో. వాళ్లు కెమెరాను చూడరు, నిన్ను చూస్తారు" అని. నేను మాస్కు వేసుకుంటాను. మాస్కు పైన కనుబొమలు కనపడతాయి, వాటిని ఏం చేయాలో ఆవిడ చెప్పలేదు.

ఇంకో నియమం కూడా ఉంది. పరీక్షల్లో ఏం తేలిందో డాక్టరు తప్ప ఎవరూ పేషంటుకు చెప్పకూడదు. చెప్తే ఉద్యోగం పోతుంది. చేరేటప్పుడు అది చదివే సంతకం పెట్టాను.

లిఫ్టు బాబాయి మొదటిసారి మా దగ్గరికి వచ్చింది కాలి మీద దురదకు. కాలు గోక్కుంటూ ఉంటే చిన్న డాక్టరు కాలు వదిలేసి ఆయన కుడిచెయ్యి పట్టుకున్నాడు. బొటనవేలి గోరు కింద నిలువునా నల్లటి చార ఉంది. అప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆ మాటలు నాకు బాగా గుర్తు.

"ఇదేంటండీ?"

"సుత్తి దెబ్బ సార్. మా పనిలో నల్లగోరు లేనివాడు పనివాడే కాదు. కావాలంటే మా వాళ్లందరినీ వరసగా నిలబెడతా, చూసుకోండి."

"ఎప్పుడు తగిలింది?"

"రెండేళ్లవుతుంది."

"రెండేళ్లలో ఈ గోరు మొత్తం నాలుగుసార్లు కొత్తది వచ్చి ఉంటుంది. దెబ్బ మచ్చయితే గోటితో పాటు ముందుకు జరిగి పోవాలి కదా. ఇదెందుకు పోలేదు?"

గోటి మొదట్లో చర్మం మీదికి కూడా ఆ నలుపు పాకి ఉంది. నేను ఫోటో తీశాను. గోరు కింద నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. మెలనోమా అని తేలింది. చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్ అది. చామనఛాయగా, నల్లగా ఉండేవాళ్లకు ఎక్కువగా అరికాలిలోనో, అరచేతిలోనో, గోరు కిందనో వస్తుంది. ఎవరూ చూడని చోట పుడుతుంది, లేదా అందరూ చూసి ఇంకేదో అనుకునే చోట పుడుతుంది. ఆయన తోటి మెకానిక్కులు రెండేళ్లుగా ఆ గోరు చూస్తూనే ఉన్నారట. వాళ్లకూ నల్లగోళ్లే.

బొటనవేలు పై కణుపు వరకూ తీసేశారు. చేతిలోకి నీలం మందు ఎక్కించి, అది చంకలో ముందుగా ఏ గ్రంథిని చేరిందో చూసి దాన్నీ తీసి పరీక్షించారు. అందులో ఏమీ లేదు. ఆ మందు వల్ల ఒకటి రెండు రోజులు మూత్రం ఆకుపచ్చగా వస్తుందని ముందే చెప్పారు. ఆయన వార్డులో అందరికీ చెప్పుకున్నారు, "ఇంతకాలం బతికి ఇప్పుడు రంగుల సినిమా చూస్తున్నా" అని.

తర్వాత మూడు నెలలకోసారి రమ్మన్నారు. ఐదేళ్లపాటు రావాలి. వచ్చినప్పుడల్లా ఒళ్లంతా చూస్తారు, మోచేతి దగ్గర, చంకలో గడ్డలేమైనా తగులుతున్నాయేమో తడిమి చూస్తారు, నేను ఫోటోలు తీస్తాను. ఇంట్లో కూడా నెలకోసారి అద్దంలో అరికాళ్లు, వేళ్ల సందులు చూసుకోవాలి, వీపు భార్య చూడాలి. "పెళ్లయి ఇరవై ఏళ్లయింది. మా ఆవిడ నన్ను ఇంత పరీక్షగా చూడటం ఇప్పుడే" అనేవారు. ఒక్కసారి కూడా మానకుండా వచ్చారు. రెండేళ్లు గడిచాయి. ఇంకా మూడేళ్లే అని వేళ్లు ముడిచి చూపించేవారు. లెక్కకు ఎడమచెయ్యి వాడేవారు.

ఫోటోలు తీసేటప్పుడు ఆయన లిఫ్టుల కబుర్లు చెప్పేవారు. లోపల ఇరుక్కున్నవాళ్లు మొదట నవ్వుకుంటారట. తర్వాత ఫోన్లు చూసుకుంటారట. ఆ తర్వాత ఉన్న బటన్లన్నీ నొక్కుతారట. "అప్పుడు మేం పైనుంచి మాట్లాడుతూనే ఉండాలి తల్లీ. తలుపు తెరవడానికి ఎంతసేపైనా పట్టనీ, మన గొంతు వినపడుతుంటే వాళ్లు తట్టుకుంటారు. గొంతు ఆగిందా, తలుపుకేసి తల బాదుకుంటారు. మా పనిలో ముందు నేర్పేది అదే, పానా పట్టుకోవడం తర్వాత." ఇది నాకు ఒకటికి రెండుసార్లు చెప్పారు.

పోయిన వారం ముందు వారం ఆయన మామూలుగా వచ్చారు. వేలి గాటు ఫోటో తీశాను. ముంజేతి లోపలివైపు చర్మం కింద పెసరగింజంత గడ్డ కనపడింది. నీలంగా ఉంది. పోయినసారి ఫోటోలో అది లేదు. స్కేలు అంటించి నాలుగు ఫోటోలు తీశాను. మా విభాగం పెద్ద డాక్టరమ్మ చూసి ఆరోజే ఆ గడ్డ నుంచి ముక్క తీసి పంపారు. చంకలో స్కానింగు, తర్వాత ఒళ్లంతా స్కానింగు చేయించారు. ఫలితాలు వచ్చాక వేర్వేరు విభాగాల డాక్టర్లు కూర్చుని వైద్యం నిర్ణయిస్తారు. ఆ సమావేశంలో గోడ మీద చూపించడానికి ఫోటోలూ రిపోర్టులూ ఒకచోట చేర్చేది నేనే. అందువల్ల నాకు మొత్తం తెలుసు.

సమావేశం సోమవారం జరిగింది. ఆపరేషన్ శుక్రవారం చేయాలనుకున్నారు. పేషంటుకు చెప్పవలసింది డాక్టరమ్మ. ఆవిడ తండ్రికి ఒంట్లో బాగాలేదని కబురొచ్చి ఆ సాయంత్రమే ఊరెళ్లారు, గురువారం రాత్రికి వస్తానన్నారు. చిన్న డాక్టరు, తను చెప్తే పెద్దావిడ ఏమంటారోనని ఊరుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు, భయస్తుడు. కానీ ఆపరేషన్ థియేటర్ వాళ్లకు ఇవేవీ తెలియవు. వాళ్ల దగ్గర పేరు ఉంది, తారీకు ఉంది. మంగళవారం వాళ్లు ఆయనకు ఫోన్ చేసి శుక్రవారం ఉదయం ఏడింటికి ఖాళీ కడుపుతో రమ్మన్నారు. ఎందుకని ఆయన అడిగారు. డాక్టరు చెప్తారని పెట్టేశారు.

బుధవారం ఉదయం ఆయన ఆసుపత్రికి వచ్చారు. మా విభాగంలో డాక్టరమ్మ లేరన్నారు. థియేటర్ కౌంటరులో మీ డాక్టరునే అడగమన్నారు. ల్యాబులో రిపోర్టు పంపేశామన్నారు. మళ్లీ మా విభాగానికి వచ్చారు. నేను వరండాలో ఎదురుపడ్డాను. "ఏం తల్లీ" అన్నారు. "పనిలో ఉన్నాను బాబాయ్" అని నడిచి వెళ్లిపోయాను.

మధ్యాహ్నం ఒంటిగంట దాటాక కింద రికార్డు గదిలో పని ముగించుకుని నాలుగో అంతస్తుకు వెళ్లడానికి వెనక లిఫ్టు ఎక్కాను. తలుపు మూసుకునే ముందు ఆయన వచ్చి ఎక్కారు. ఇద్దరమే ఉన్నాం. రెండో అంతస్తు దాటాక ఆయన జేబులోంచి మెకానిక్కులు వాడే తాళంచెవి తీసి బటన్ల పెట్టె తెరిచి ఏదో నొక్కారు. లిఫ్టు ఆగిపోయింది.

"ఏమైంది బాబాయ్?"

ఆయన పలకలేదు. తలుపు వైపు తిరిగి నిలబడ్డారు. నాకు ఆయన వీపే కనపడుతోంది.

"బాబాయ్, మీరే ఆపారా?"

పలకలేదు. నేను గంట బటన్ నొక్కాను. చప్పుడు రాలేదు.

"అది మోగదు" అన్నారు, వెనక్కి తిరగకుండానే. "తీగ ఊడి ఏడాదైంది. బాగు చేయిస్తామన్నారు."

ఆ తర్వాత మళ్లీ ఏమీ మాట్లాడలేదు. నాకు భయం వేసింది. ఫోన్ చూశాను, సిగ్నల్ లేదు. రెండుసార్లు అరిచాను. ఎవరికీ వినపడలేదు. బటన్ల పైన చిన్న రేకు మీద పదమూడు మంది ఎక్కవచ్చని రాసి ఉంది. మా ఇద్దరికే గాలి చాలనట్టుంది. నా జేబులో ఫోటోలకు వాడే కాగితపు స్కేలు ఉంటే దాన్ని మడతపెడుతూ నిలబడ్డాను. మడిచి మడిచి ఇంక మడవడానికి లేకుండా పోయింది. మొత్తం మీద పది నిమిషాలు అలా గడిచాయి. ఆ పది నిమిషాలు ఆయన నన్ను ముట్టుకోలేదు, తిట్టలేదు, బెదిరించలేదు. అయినా నాకు భయం వేసింది. అది కూడా రాయమని కోరుతున్నాను.

చివరికి నేనే గట్టిగా అడిగాను. "ఇరుక్కున్నవాళ్లతో మాట్లాడుతూనే ఉండాలని ఎన్నిసార్లు చెప్పారు బాబాయ్ నాకు? ఇప్పుడు నాతో ఒక్కమాటైనా మాట్లాడారా?"

అప్పుడు ఆయన వెనక్కి తిరిగారు. ముఖమంతా చెమట.

"తప్పయిపోయింది తల్లీ. ఆపేశాక నోరు రాలేదు."

"ఎందుకు ఆపారు?"

"పొద్దున్నుంచి అందరూ నడుస్తూనే మాట్లాడుతున్నారు నాతో. ఒక్కరూ నిలబడలేదు. నువ్వు కూడా నడిచి వెళ్లిపోయావు. నిలబడితే అడుగుదామని ఆపా."

"ముందు తలుపు తియ్యండి. తలుపు తీశాకే మాట."

"తీస్తా, తీస్తా."

ఆయన లోపలి తలుపు చేత్తో పక్కకు నెట్టారు. పైన, మా నడుం ఎత్తులో, మూడో అంతస్తు నేల కనపడింది. బయటి తలుపు కొక్కెం ఎడమచేత్తో లేపి, తలుపు జారకుండా స్క్రూడ్రైవరు అడ్డం పెట్టారు. రంగుల వాసన వచ్చింది. ఆ వైపు గోడలకు రంగు వేస్తున్నారు, ప్లాస్టిక్ పరదా కట్టి ఉంది. భోజనాల వేళ కావడంతో అక్కడ ఎవరూ లేరు.

"తాళం నా దగ్గరుంది, లిఫ్టు కదలదు. భయపడకుండా ఎక్కు. సంచి ముందు పైన పెట్టు" అన్నారు.

సంచి పైన పెట్టాను. ఆయన వంగి, రెండు చేతులూ కలిపి నా కాలికి మెట్టులా పట్టారు. కుడిచేతికి బొటనవేలు సగమే ఉంది, పట్టు కుదరక ఎడమచెయ్యి కిందికి మార్చుకున్నారు. నేను కాలు పెట్టాను. ముంజేతి మీద ముక్క తీసిన చోట కట్టు ఇంకా ఉంది. కట్టు అంచున మురికి పట్టింది. నేను కాలు తీసేశాను.

నేను దిగలేదు. మేడం గారు ఎందుకు దిగలేదని అడిగారు. తలుపు తీశాక ఆయన రిపోర్టు గురించి మళ్లీ అడగలేదు, అందుకు దిగలేదు. ఇంకొక్కసారి అడిగి ఉంటే చిరాకుతోనైనా వెళ్లిపోయేదాన్ని. తలుపు తెరిచి, చేతులు పట్టి, తల వంచుకుని ఉన్నారు. నేను వెళ్లిపోతే ఆయన ఆ లిఫ్టులో ఒక్కరే ఉంటారు, శుక్రవారం దాకా ఏమీ తెలియకుండా. అందుకు దిగలేదు.

నేను నేల మీద కూర్చున్నాను. ఆయన కూడా ఎదురుగా కూర్చున్నారు.

"మీకెలా తెలిసింది నాకు తెలుసని?" అని అడిగాను.

"ప్రతిసారీ ఒక్కోచోట ఒక్క ఫోటోనే తీస్తావు. ఈసారి చేతి మీద నాలుగుసార్లు టకటకమంది. లెక్కపెట్టా."

నేను చెప్పాను. జబ్బు మళ్లీ వచ్చిందని చెప్పాను. నేను చెప్పిన మాటలు, ఆయన అన్న మాటలు గుర్తున్నంతవరకు ఇవి.

"అదేనా? పాతదేనా?"

"అదే బాబాయ్."

"వేలే లేదు కదా. వేలు తీసేశాక ఎక్కణ్ణుంచి వస్తుంది?"

"వేలు తీయకముందే కొన్ని కణాలు బయల్దేరాయి. చంక దాకా వెళ్లే దారిలో చేతిలోనే ఆగిపోయాయి. ఇప్పుడు పెరిగాయి. చంకలో కూడా ఒక గ్రంథి ఉబ్బింది."

"తర్వాత?"

"శుక్రవారం ఆ గడ్డా, చంకలో గ్రంథులూ తీసేస్తారు. గాయం మానాక మూడు వారాలకోసారి సెలైన్‌తో పాటు మందు ఎక్కిస్తారు, ఏడాదిపాటు. మన ఒంట్లో కాపలా కాసే కణాలు ఈ జబ్బును గుర్తుపట్టేలా చేసే మందు."

"జుట్టు పోతుందా?"

"దీనికి మామూలుగా పోదు. దద్దుర్లు, విరేచనాలు, ఆయాసం రావచ్చు. వస్తే సర్దుకుంటుందిలే అని ఊరుకోకూడదు, వెంటనే ఫోన్ చేయాలి."

"మిగతా ఒళ్లు?"

"స్కానింగులో ఊపిరితిత్తులు, కాలేయం, తల, ఎక్కడా ఏమీ లేదు."

"ఇంకోసారి చెప్పు. తలలో కూడానా?"

"తలలో కూడా ఏమీ లేదు."

"మా ఆవిడ ఎప్పట్నుంచో అదే అంటోంది" అన్నారు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూ ఉండగానే ఏడుపొచ్చింది. ఆయన నవ్వలేదు, ఏడవలేదు. లిఫ్టు గోడ మీద స్క్రూలు ఒక్కొక్కటీ బిగువుగా ఉన్నాయో లేవో వేలితో తాకి చూశారు.

"ఎన్నాళ్లుంటాను?"

"నాకు తెలీదు."

"తెలిసి చెప్పట్లేదా, తెలీకేనా?"

"తెలీకే బాబాయ్. అది డాక్టరమ్మనే అడగాలి. నేను ఫోటోలు తీసేదాన్ని."

"మరి ఆ ఐదేళ్లు? రెండు అయిపోయాయి కదా."

"మళ్లీ మొదటి నుంచి లెక్క."

"కిందికి దించేశారన్నమాట" అన్నారు. తర్వాత, "నేను బయటున్నవాణ్ణి అనుకున్నానమ్మా. మూడు నెలలకోసారి లోపలికి వచ్చి చూసి పోతున్నా అనుకున్నా. లోపలే ఉన్నా" అన్నారు.

ఇలా మాట్లాడుకుంటూ ఉంటే ఎంతసేపైందో నాకు తెలియదు. ఆసుపత్రి వాళ్లు ముప్పావుగంట అంటున్నారు, నిజమే కావచ్చు. అంతసేపూ పై తలుపు తెరిచే ఉంది. నా సంచి పైన ఉంది. అంతసేపూ నేను దిగలేదు.

కింద కేకలు వినపడ్డాయి. ఆయన లేచి, "పద, దిగుదాం. స్ట్రెచర్‌కు లిఫ్టు కావాలేమో" అని స్క్రూడ్రైవరు తీసి తలుపులు మూసి లిఫ్టు నడిపించారు. నా సంచి పైనే ఉండిపోయింది. కింద తలుపు తెరుచుకునేసరికి మేనేజరు గారు, ఇద్దరు సెక్యూరిటీ గార్డులు ఉన్నారు. ఒక పేషంటును స్ట్రెచర్ మీద ర్యాంపు మీదుగా మోసుకెళ్లవలసి వచ్చిందట. ఆ పేషంటుకు ఏమీ కాలేదని తర్వాత తెలిసింది. కాకపోయినా అది తప్పే. అది అక్కడే ఆయనకూ చెప్పాను, ఆయన ఒప్పుకున్నారు.

గార్డు ఆయన చొక్కా పట్టుకున్నాడు. నా ముఖం తడిగా ఉంది. అది అందరూ చూశారు. ఎందుకు తడిగా ఉందని ఒక్కరూ అడగలేదు.

సాయంత్రం మేనేజరు గారు నన్ను తన గదికి పిలిచారు. "చూడమ్మా, నువ్వు ఒక్క ముక్క చెప్తే చాలు, దిగుతానంటే దిగనివ్వలేదని. మిగతాది మేం చూసుకుంటాం" అన్నారు. "తలుపు తీశారు సార్" అన్నాను. "తలుపు తీసి ఉంటే అంతసేపు లోపల ఏం మాట్లాడుకున్నారని అడుగుతారు. ఏం చెప్తావు? రిపోర్టు చెప్పానంటే ఉద్యోగం ఉండదు. ఇంకేదో మాట్లాడుకున్నాం అంటే నీకే మంచిది కాదు. ఆలోచించుకో" అన్నారు. మర్యాదగానే అన్నారు. కుర్చీ కూడా చూపించారు.

పోలీసుస్టేషన్లో ఇన్‌స్పెక్టరు గారు అప్పటికే రాసి ఉంచిన కాగితం ఇచ్చి సంతకం పెట్టమన్నారు. చదువుతానన్నాను. "చదువుకున్నవాళ్లతో ఇదే వచ్చిన గొడవ" అని నవ్వారు. అందులో ముప్పావుగంటసేపు బలవంతంగా నిర్బంధించాడని ఉంది. నేను సంతకం పెట్టలేదు.

ఇంటికి వెళితే మా అమ్మ అన్నం పెట్టలేదు, తనూ తినలేదు. "మగాడితో లిఫ్టులో ముప్పావుగంట. మన వీధిలో ఈ మాట ఎన్ని కాళ్లేసుకుని తిరుగుతుందో నీకు తెలుసా?" అంది.

"నాన్న వయసుంటుందే ఆయనకు."

"నాలుకకు వయసుతో పనేంటే? దిగనివ్వలేదని చెప్పు. అదైతే నీ తప్పుండదు. ఉద్యోగమూ ఉంటుంది."

"దిగనిచ్చాడమ్మా."

"ఎవరు చూశారు?"

ఎవరూ చూడలేదు. అది నిజం. నేను అబద్ధం చెప్తే కాదనడానికి ఆయన మాట తప్ప ఏమీ లేదు, ఆయన మాట ఎవరూ నమ్మరు. రాత్రంతా ఈ ఒక్క సంగతే నన్ను నిద్రపోనివ్వలేదు. తెల్లారాక సంచి గుర్తొచ్చింది. ఉదయం ఆసుపత్రికి వెళ్లి అడిగితే, మూడో అంతస్తులో లిఫ్టు ముందు నేల మీద దొరికిందని రంగులు వేసే మేస్త్రీ తెచ్చి ఇచ్చాడు. భోజనం చేసి వచ్చేసరికి అక్కడ ఉందట. నేను కింద అంతస్తులో లిఫ్టు ఎక్కాను, కింద అంతస్తులోనే దిగాను. మధ్యలో తలుపు తెరవకపోతే సంచి మూడో అంతస్తులోకి ఎలా వచ్చింది? మేస్త్రీని పిలిచి అడగవలసిందిగా కోరుతున్నాను. అతను బయటే ఉన్నాడు.

మేనేజరు గారు కూడా బయటే ఉన్నారు. బెంచీకి ఒక చివర ఆయన, ఇంకో చివర మా అమ్మ కూర్చుని ఉన్నారు. ఈ గదికి ఒక్కటే తలుపు. ఏం చెప్పి వెళ్లినా నేను ఆ ఇద్దరి మధ్య నుంచే నడవాలి.

నా మీద ఎవరైనా ఒత్తిడి తెచ్చారా అని మేడం గారు అడిగారు. మెకానిక్కు తరఫు నుంచి ఎవరూ తేలేదు. ఆయన భార్య పొద్దున గేటు దగ్గర కనపడింది. బట్టలు కుట్టే మనిషి, మెడలో టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చేసింది. "నాకోసం ఏమీ చెప్పొద్దమ్మా. ఆయన నిన్ను భయపెట్టి ఉంటే భయపెట్టాడనే చెప్పు" అంది. తర్వాత, "శుక్రవారం తప్పితే మళ్లీ ఎప్పుడిస్తారు?" అని అడిగింది. నేను థియేటర్ వాళ్లను కనుక్కున్నాను. నెలకు పైగా ఖాళీ లేదన్నారు. పెసరగింజంత గడ్డ పోయినసారి ఫోటోలో లేదు, మూడు నెలల్లో వచ్చింది. నెలలో అది ఏమవుతుందో, ఎక్కడిదాకా వెళుతుందో డాక్టరమ్మ కూడా చెప్పలేరు.

రిపోర్టు సంగతి పేషంటుకు చెప్పడం ఆసుపత్రి నియమానికి విరుద్ధమని నాకు ముందే తెలుసా అని మేడం గారు అడిగారు. తెలుసు. తెలిసే చెప్పాను. ఈ మాట రాస్తే ఉద్యోగం పోవచ్చు, రాయాలా వద్దా అని కూడా మేడం గారు దయతో అడిగారు. రాయండి. అది రాయకపోతే నేను లిఫ్టులో ఎందుకు ఉండిపోయానో ఎవరికీ అర్థం కాదు. అది అర్థం కాకపోతే తలుపు తెరిచి ఉందన్న మాట ఎవరూ నమ్మరు.

ఆఖరుగా, ఆయన మీద నాకు ఫిర్యాదు ఉందా అని అడిగారు. ఉంది. పది నిమిషాలకు ఉంది. నన్ను అడగకుండా లిఫ్టు ఆపారు, నేను అరిచినా పలకలేదు. అది తప్పు, దానికి చట్టం ఏం చెబితే అది చేయండి. పిలిచినప్పుడు వచ్చి మళ్లీ ఇదే చెబుతాను. కానీ నా ఫిర్యాదు నెల ఆగినా, ఏడాది ఆగినా ఇంతే ఉంటుంది, పెరగదు. ఆ గడ్డ అలా కాదు. రేపు ఉదయం ఏడింటికి ఆయన్ను పోలీసు కాపలాతోనైనా థియేటర్‌కు పంపమని అడుగుతున్నాను.

నేను చెప్పినదే ఇందులో ఉంది. ఎవరూ నాకు చదివి వినిపించనక్కర్లేదని చెప్పి, నేనే మొదటి నుంచి చివరిదాకా చదువుకున్నాను. రెండో పేజీలో "నిర్బంధంలో ఉన్న కాలం ముప్పావుగంట" అని టైపు అయితే కొట్టివేయించి "పది నిమిషాలు" అని రాయించాను. అదే పేజీ కింద "ఆ తర్వాత దిగలేకపోయాను" అని ఉంటే "దిగలేదు" అని దిద్దించాను. రెండు చోట్లా పక్కన పొట్టి సంతకం చేశాను. ఇంక దిద్దవలసింది లేదు. ఇది నిజమని ఒప్పుకుంటూ కింద పూర్తి సంతకం చేస్తున్నాను.

(సంతకం)
గురువారం, మధ్యాహ్నం